లారీ ఒకరిది, తేమ ఇంకొకరిది: అపాచీ వికెట్‌తో పదేళ్లు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు ధాన్యం ఎంట్రీ సాఫ్ట్‌వేర్ 2014లో రాసిచ్చాను. అది జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్ అపాచీ వికెట్ మీద నడుస్తుంది. అప్పుడు వికెట్ 6. ఇప్పటికీ దాని బాగోగులు నేనే చూస్తున్నాను. సీజనంతా నడిచేది ఒక్క స్క్రీన్ మీదే. లారీకో వరుస, ప్రతి వరుసలో బస్తాలు, కాంటా బరువు, తేమ, తాలు, తరుగు. గుమస్తా ముప్పై నలభై వరుసలు కొట్టి, అన్నిటికీ కలిపి ఒకేసారి సేవ్ నొక్కుతాడు.

మొదటి యాసంగిలోనే ఫోన్ వచ్చింది. ‘అన్నా, కొట్టినయన్నీ పోయినయి!’ వెళ్లి చూస్తే ఒక్క పెట్టెలో 17.5కి బదులు రెండు చుక్కలు పడ్డాయి. ఆ తప్పుకు మిగతా వరుసలన్నీ ఖాళీ అయ్యాయి. తప్పు ఎక్కడుందో చూపే ఎర్ర గుర్తు కూడా లేదు.

వరుసలను చూపించే వికెట్ భాగం లిస్ట్‌వ్యూ. అది మామూలుగా పేజీ గీసిన ప్రతిసారీ వరుసలను కొత్తగా పుట్టిస్తుంది. చూపించడానికే అయితే ఇబ్బంది లేదు. కానీ ఫారంలో ఒక్క పెట్టె తప్పినా ఏ విలువా మోడల్‌లోకి, అంటే పెట్టె వెనక అసలు డేటాను పట్టుకునేదానిలోకి, వెళ్లదు, టైపు చేసినదంతా ఆ పెట్టెల్లోనే ఉంటుంది. పాత పెట్టెలను పారేస్తే అదీ వాటితోనే పోతుంది. పాత వరుసలనే మళ్లీ వాడమని చెప్పే సెట్‌రీయూజ్‌ఐటమ్స్‌ని ట్రూ చేస్తే సరిపోయింది. ఈ సంగతి జావాడాక్‌లో (కోడ్‌తో వచ్చే వివరణలో) హెచ్చరికగా పెద్ద అక్షరాల్లోనే ఉంది, నేనే చదవలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. వరుస తీసేసే బటన్ పెట్టాను. ఇంకెక్కడో తప్పుంటే తీసివేత ఆగకూడదని ఫారం తనిఖీని నడిపే సెట్‌డిఫాల్ట్‌ఫార్మ్‌ప్రాసెసింగ్‌ని దానికి ఫాల్స్ చేశాను. గుమస్తా మూడో వరుస తీసేశాడు. గేటు దగ్గర నమోదైన లారీ నంబర్లు లేబుళ్లు (టైపు చేయడానికి వీల్లేని రాత) కాబట్టి ఒక్కోటీ పైకి జరిగాయి. తేమ పెట్టెలు మాత్రం టైపు చేసిన అంకెలతో ఉన్నచోటే ఉండిపోయాయి. లిస్ట్‌వ్యూకి వరుసంటే ఎన్నోది అన్నదే లెక్క, ఎవరిదన్నది పట్టదు. తేమ 17 ఉన్న లారీకి 21 పడింది. సర్కారు కొనుగోలుకైతే 17 శాతం దాటకూడదు, మిల్లులో కూడా దాన్ని బట్టే తరుగు. రైతు ఊరుకుంటాడా? కాంటా చీటీ తీసుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఆ రోజు సాయంత్రం దాకా పాత చీటీలన్నీ తిరగేసి సరిచేశాం. తప్పు నాది.

లిస్టులో ఏదైనా తీసినా చేర్చినా, ఉన్న వరుసలన్నీ పారేసి కొత్తగా కట్టించే రిమూవ్‌ఆల్ పిలవాలి. కానీ పిలిస్తే ఇంకా సేవ్ కాని అంకెలు మళ్లీ మాయం. చివరికి వరుసలు చూపించే ఇంకో భాగం రిఫ్రెషింగ్‌వ్యూకి మారి, రీయూజ్‌ఇఫ్‌మోడల్స్‌ఈక్వల్‌స్ట్రాటజీ పెట్టాను. మోడల్ సమానమైతే ఆ పెట్టె అదే వరుసతో పాటు జరుగుతుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. రెండు మోడల్స్ ఒకటేనా అని తేల్చే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ మెథడ్లు మోడల్‌కే రాయాలి. డేటాబేస్‌లోకి ఎక్కని కొత్త వరుసలన్నిటికీ ఐడీ ఖాళీగా ఉంటే అన్నీ ఒకటే అనుకుంటుంది. అందుకే పుట్టగానే ఒక తాత్కాలిక నంబరు ఇస్తున్నాను.

ఇంకో వింత. తేమ కొట్టి ఎంటర్ నొక్కితే మొదటి వరుస ఎగిరిపోయేది. ఎంటర్‌కి బ్రౌజర్ ఫారంలో కనిపించిన మొదటి సబ్మిట్ బటన్‌నే నొక్కుతుంది, అది మొదటి వరుసలోని ‘తీసేయి’ అయి కూర్చుంది. సెట్‌డిఫాల్ట్‌బటన్‌తో సేవ్‌ని చూపించాక కుదుటపడింది.

పేజీ మొత్తం కాక కొంత భాగాన్నే మార్చే అజాక్స్ సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఈ వరుసల జాబితాలను నేరుగా రిఫ్రెష్ చేయలేం, చుట్టూ ఒక వెబ్‌మార్కప్‌కంటైనర్ కట్టి దాన్ని రిఫ్రెష్ చేయాలి. వికెట్ 6 నుంచి ఈవెంట్ పేరు ముందు ‘ఆన్’ తీసేశారు (‘ఆన్‌క్లిక్’ కాదు, ‘క్లిక్’), పాత ఉదాహరణలు చూసి రాసేవాళ్లు జాగ్రత్త.

వరుసలు వందల్లోకి పోతే వికెట్ నాకు నచ్చదు. పేజీ మొత్తాన్ని సీరియలైజ్ చేసి (బైట్ల వరుసగా మార్చి) డిస్క్‌లో దాచుకుంటుంది కాబట్టి బరువెక్కుతుంది. అంత పెద్ద పట్టీ అయితే పేజీలుగా విడగొట్టడమే. నలభై వరుసలకు మాత్రం ఇంతకంటే నిశ్చింతగా పనిచేసేది నేను వాడలేదు. హెచ్‌టీఎంఎల్ హెచ్‌టీఎంఎల్‌లాగే, జావా జావాలాగే ఉంటాయి. వికెట్ 8లో లాంబ్డా మోడల్స్ (చిన్న ఫంక్షన్లతో రాసే మోడల్స్) వచ్చాక కోడ్ బాగా తగ్గింది. పదో వెర్షన్‌కి మాత్రం జావా 17 కావాలి, మిల్లులో పాత సర్వర్ మార్చితే గానీ కుదరదు.

గుమస్తా ఇప్పుడు ఎంటర్ నొక్కగానే కర్సర్ కింది లారీ తేమలోకి దిగాలంటున్నాడు. అది వికెట్ పని కాదు, కాస్త జావాస్క్రిప్ట్. వానాకాలం కోతలకు ముందే రాసిస్తానని మాటిచ్చాను.