"కడిగి మళ్ళీ వాడుకోవచ్చు" అని అమ్మే ఫ్లాస్ పిక్స్‌తో జాగ్రత్త

ఫ్లాస్ పిక్స్, అదేనండీ, పళ్ళ సందులు శుభ్రం చేసుకోవడానికి చిన్న ప్లాస్టిక్ పుల్లకి ఒక చివర దారం బిగించి, రెండో చివర మొనదేలి ఉంటుందే, అవి కొనబోతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఆన్‌లైన్‌లో పెద్ద పెద్ద ప్యాకెట్లలో, తయారు చేసినవాళ్ళ పేరు గానీ దారం దేనితో చేశారో గానీ ఎక్కడా రాయకుండా, "అస్సలు తెగదు, కడిగి మళ్ళీ వాడుకోవచ్చు" అంటూ అమ్ముతున్న రకం జోలికి మాత్రం వెళ్ళకండి.

నేను కొన్న ప్యాకెట్‌లో చాలావాటికి దారం వదులుగా వేలాడుతోంది. కొన్ని పళ్ళ సందులోకి దిగగానే పోగులు పోగులుగా విడిపోయాయి. ఒకటైతే దవడ పళ్ళ మధ్య పుటుక్కున తెగి, ముక్క చిగురు కిందే ఉండిపోయింది, నాలుకకి తగులుతుంది కానీ వేలికి దొరకదు. మర్నాటికి అక్కడ చిగురు వాచింది, ఆ వైపు నమలాలంటేనే భయం. చివరికి డెంటిస్ట్ తీయాల్సి వచ్చింది. అమ్మినవాళ్ళని అడిగితే "నోటి శుభ్రత వస్తువు, సీల్ తీశారు కాబట్టి రిటర్న్ కుదరదు" అన్నారు. సీల్ తీయకుండా దారం వదులుగా ఉందో బిగువుగా ఉందో ఎలా తెలుస్తుందట!

స్టార్లు చూసి కూడా మోసపోవద్దు. ఆ పేజీలో రివ్యూలన్నీ "త్వరగా వచ్చింది, ప్యాకింగ్ బాగుంది" తరహావే, నిజంగా నోట్లో పెట్టుకున్నవాళ్ళు రాసినట్టు ఒక్కటీ లేదు. తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్ళు ఏం రాశారో ముందు చదవండి, "తెగింది", "పోగులు వచ్చాయి" అని రెండు మూడు చోట్ల కనిపిస్తే వదిలేయండి.

అయితే దారం తెగిన ప్రతిసారీ తప్పు దారానిదే అనుకోకూడదు, ఇది డెంటిస్ట్ చెప్పిన మాట. ఏ పంటి దగ్గర పెట్టినా పోగులు విడిపోతుంటే సరుకు నాసిరకం. అలా కాకుండా మంచి ఫ్లాస్ కూడా ఎప్పుడూ ఒకే సందులో చిరుగుతుంటే అక్కడ ఫిల్లింగ్ అంచు గరుకుగా ఉండొచ్చు, పుచ్చు మొదలై ఉండొచ్చు, గార పట్టి ఉండొచ్చు, అది చూపించుకోవాల్సిందే.

ఇక "మళ్ళీ వాడుకోవచ్చు" అనే మాట. ఫ్లాస్ చేసే పనే పళ్ళ మధ్య పాచిని గీకి తీయడం, అదే దారాన్ని నీళ్ళకింద పెట్టి రేపు మళ్ళీ నోట్లో పెట్టుకుంటే పోగుల్లో ఇరుక్కున్న సూక్ష్మజీవులు ఎక్కడికీ పోవు, పైగా ఒకసారి వాడిన దారం బలహీనపడి తెగే అవకాశం ఇంకా పెరుగుతుంది. మంచి రకం పిక్ అయినా ఒక్కసారి వాడి పారేయాల్సిందే.

పిక్‌తో అసలు ఇబ్బంది ఇంకోటుంది. దారం సందులోకి వెళ్ళి రావడం ఒక్కటే సరిపోదు, పంటిని ఇంగ్లీష్ సి అక్షరంలా చుట్టుకుని చిగురు అంచు కిందికి కొద్దిగా జారి, పంటి పక్కగోడని పైకీ కిందికీ తుడవాలి, తర్వాత అదే సందులో రెండో పంటిని కూడా అలాగే. పొట్టి దారంతో ఈ చుట్టడం కష్టం, వదులు దారంతో అయితే అదుపు తప్పి చిగురుని కోస్తుంది. అందుకే ఇప్పుడు నేను మామూలు ఉండ ఫ్లాస్‌కి మారాను, మైనం పూసినది, ఇరుకు సందుల్లో బాగా జారుతుంది. సుమారు 45 సెంటీమీటర్లు తీసుకుని రెండు నడివేళ్ళకి చుట్టుకుని, మధ్యలో కొంచెం వదిలి, ప్రతి సందుకీ కొత్త ముక్క వచ్చేలా జరుపుకుంటూ పోవాలి. మొదట్లో చేతులు చిరాకు పెడతాయి, నిజమే. వేళ్ళు సరిగ్గా వంగని వాళ్ళకి పిక్సే సులువు, వద్దనను, కానీ దారం వీణ తీగలా బిగువుగా ఉన్నవే తీసుకోండి.

వాటర్ ఫ్లాసర్లు, అంటే పళ్ళ సందుల్లోకి నీళ్ళ ధార కొట్టే మెషీన్లు, "గారని కరిగిస్తుంది" అని అమ్ముతుంటే అదీ నమ్మకండి. గట్టిపడిన గార డెంటిస్ట్ దగ్గర గీకి తీసే స్కేలింగ్‌తోనే పోతుంది, నీళ్ళ ధార పోగొట్టేది మెత్తటి పాచినీ ఇరుక్కున్న తిండినీ. బ్రేసెస్ (పళ్ళ క్లిప్పులు), బ్రిడ్జి (పక్క పళ్ళకి ఆనించి బిగించిన కట్టుడు పళ్ళు) ఉన్నవాళ్ళకి మాత్రం బాగా పనికొస్తుంది, తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టండి. సందులు వెడల్పుగా ఉంటే ఇంటర్‌డెంటల్ బ్రష్, అంటే సందుల్లో దూర్చే బుల్లి బ్రష్ మేలు, సైజు డెంటిస్ట్‌ని అడిగి తెలుసుకోండి, బలవంతంగా తోయాల్సి వస్తోందంటే అది మీ సైజు కాదు.

కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొంచెం రక్తం కనిపించడం మామూలే, టెన్షన్ పడి మానేయకండి. రోజూ మెల్లగా చేస్తూ ఒకటి రెండు వారాలైనా ఆగకపోతే చూపించుకోండి. నాకు జరిగినట్టు దారం ముక్క ఇరుక్కుంటే పిన్నీసులూ సూదులూ పెట్టి కెలకొద్దు, ఇంకో ఫ్లాస్ మధ్యలో చిన్న ముడి వేసి ఆ సందులోకి దింపి పక్కకి లాగితే చాలాసార్లు వచ్చేస్తుంది, అలా కూడా రాకపోయినా, చిగురు వాచినా ఆలస్యం చేయకుండా డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళండి.