పెళ్లి పనులు బయటివారికి అప్పగిస్తే: శ్రీకాకుళంలో మా అనుభవం

మొన్న మాఘమాసంలో జరిగిన మా పెద్దమ్మాయి పెళ్లికి శ్రీకాకుళంలోనే ఉన్న ఒక పెళ్లి ఏర్పాట్ల సంస్థ సేవలు తీసుకున్నాం. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పుకున్న నేను, ఇంటి శుభకార్యాన్ని డబ్బిచ్చి పరాయివారి చేతిలో పెట్టడమేమిటని మొదట ససేమిరా అన్నాను. అయితే లగ్నపత్రిక రాసుకున్న వారానికే, ఉదయం రక్తపోటు మాత్ర వేసుకున్నానో లేదో కూడా గుర్తుండని స్థితికి వచ్చేసరికి మా ఆవిడే వారికి ఫోను చేసింది.

మా కంగారుకు మూలం ముహూర్తమే. మాఘ శుద్ధ దశమి రాత్రి 2 గంటల 18 నిమిషాలకు జీలకర్ర-బెల్లం. దానికి మూడు రోజుల ముందు రథసప్తమి. ‘ఎలాగూ వస్తున్నాం, అరసవల్లి స్వామి దర్శనం కూడా చేసుకుంటాం’ అంటూ హైదరాబాదు బంధువులు సప్తమినాటికే దిగుతామన్నారు. ఒడిశా నుంచి కూడా భక్తులు తరలివచ్చే ఆ రోజుల్లో మా ఊళ్లో నలభై మందికి గదులు దొరకడమంటే మాటలు కాదు. పైగా మా రైల్వేస్టేషన్ ఊళ్లో లేదు. టికెట్టు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని చూసుకున్నవారు దిగేది ఆమదాలవలసలో. అక్కడి నుంచి పట్టణానికి ఇంకా పన్నెండు పదమూడు కిలోమీటర్లు రావాలి.

మొదటి రోజు మా ఇంటికి వచ్చిన అమ్మాయి మండపాల ఫొటోలేవీ చూపించలేదు. ‘మాస్టారూ, రాత్రిళ్లు మీకు నిద్ర పట్టనివ్వని పని ఏదో ముందు అది చెప్పండి, పూల సంగతి తర్వాత చూద్దాం’ అన్నారు. ఖర్చు గురించి చెబుతాననుకున్నాను గాని, నోటికి వచ్చింది మోకాళ్ల నొప్పులతో అర్ధరాత్రి రైలు దిగబోయే మా అక్క సంగతి. ఆ అమ్మాయి నా ఎదుటే ఒక ఖాతా పుస్తకం తెరిచి, ఎవరు ఏ రైలుకు వస్తారు, వెంట ముసలివారున్నారా, ఏ బండి ఎక్కాలి, బస ఎక్కడ అని గళ్లు గీసి, మొదటి వరుసలో మా అక్క పేరు రాశారు. పెళ్లి అయ్యేదాకా బంధువుల ఫోన్లన్నీ ఆమె నంబరుకే వెళ్లాయి. పట్టణంలో చాలక కొన్ని గదులు నరసన్నపేటలో తీసుకున్నారు. దూరమని సణిగినవారున్నారు గాని, రోడ్డు మీద నిలబడ్డవారు ఒక్కరూ లేరు. వారి రుసుము ఈ ఒక్క పనికే చెల్లుతుందని నా అభిప్రాయం.

వంట దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. వారు స్వయంగా వండించరు, వేరే గుత్తేదారుకు అప్పగిస్తారు. ఆ మాట ఒప్పందం చివరి పేజీలో ఉన్నా నేను చదవలేదు. పనసపొట్టు కూరకూ దప్పళానికీ వంక పెట్టలేం. పూర్ణం బూరెలు మూడో బంతికే అయిపోయి, నాలుగో బంతిలో కూర్చున్న మగపెళ్లివారికి కొట్టులో కొన్న లడ్డూలు వడ్డించారు. వియ్యంకులవారు పెద్దమనసుతో నవ్వేశారు గాని, కన్యాదానానికి పీటల మీద కూర్చున్నప్పుడు కూడా మా ఆవిడ నా చెవిలో ఆ బూరెల మాటే ఎత్తింది. విస్తరికి ఇంత చొప్పున ఆరు వందలకు మాట్లాడుకుంటే లేచినవి ఐదు వందల లోపే. డబ్బు మాత్రం ఆరు వందలకూ కట్టించుకున్నారు. లెక్కను ఏ తేదీ వరకు తగ్గించుకోవచ్చో ముందే కాగితం మీద రాయించుకోనిది మా పొరపాటే.

పూలు, సన్నాయి మేళం బాగానే కుదిరాయి. తాళి కట్టే వేళ ‘ఇంకోసారి’ అంటూ బ్రహ్మగారిని ఆపబోయిన ఫొటోల అబ్బాయిని ఆ అమ్మాయే వారించారు.

వైశాఖంలో మా తమ్ముడి కొడుకు పెళ్లి ఉంది. బళ్లు, బసలు మళ్లీ వారికే ఇస్తున్నాం. వంటకు మాత్రం తెలిసిన వంటవారిని విడిగా మాట్లాడుకున్నాం. బూరెలు మా ఆవిడ దగ్గరుండి లెక్క పెట్టిస్తానంటోంది.