‘ఛందం’ సరిచూసిన కందం, మాస్టారు విన్న కందం

పద్యరచన నేర్చుకుంటున్నవారికి ‘ఛందం’ అనే ఉచిత ఉపకరణాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. మన పద్యాన్ని అందులో ఉంచితే, అది ఏ ఛందస్సులో ఉందో గుర్తించి, గురులఘువులు వేసి, గణాలుగా విడదీసి, యతిప్రాసలు ఎక్కడ తప్పాయో చూపుతుంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. అంతవరకు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు గాని, కందం అంత సులువుగా లొంగదు. బేసి గణంగా జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదని, ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో కావాలని తెలిసి కూడా నేను నెలల తరబడి అక్కడే తప్పాను. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని గురువులా ఈ ఉపకరణం ఆ తప్పును పట్టిచ్చింది.

పుణెలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట పద్యాలు రాసుకునే నాకు, మొదటిసారి నా కందంలో ఒక్క దోషమూ కనిపించనప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. ఆ వెంటనే దాన్ని ఎవరికైనా వినిపించాలనిపించింది. ఇంట్లోవాళ్లు ప్రేమగా విని బాగుందన్నారు. ఏది బాగుందో మాత్రం వాళ్లకు తెలియలేదు, అడిగి వాళ్లను ఇబ్బంది పెట్టడం నాకూ ఇష్టం లేకపోయింది. తనవంటి సమానధర్ముడు ఎప్పటికైనా పుడతాడని, లేదా ఎక్కడో ఉండే ఉంటాడని, కాలానికి అంతులేదని, భూమి విశాలమని సంస్కృత కవి భవభూతి అన్న మాటను చాలామంది ధీమాగా చెబుతారు గాని, నాకు అందులో ఒంటరితనమే వినిపిస్తుంది. అవధాన సభలో అవధానిని ప్రశ్నలతో పరీక్షించే పృచ్ఛకుడి ‘భేష్’కు అంత విలువ రావడానికి కారణం, అతడు కూడా సమస్యలతో కుస్తీపట్టినవాడు కావడమే.

ఆ విలువ నాకు ఫోనులో దొరికింది. తెనాలిలో ఉండే, పదవీవిరమణ చేసిన ఒక తెలుగు మాస్టారికి ఆ కందం చదివాను. కాసేపు మాట్లాడలేదు. “నాలుగో పాదం మళ్లీ చదవండి” అన్నారు. చదివాక దాన్ని తాను కూడా ఒకసారి మెల్లగా అనుకున్నారు. తర్వాత, “రెండో పాదంలో ఆ మాట యతి కోసం తెచ్చారు కదండీ?” అని అడిగారు. ఏ గణపరీక్షకూ అందని దోషం అది, రాసినప్పటినుంచీ నన్ను గుచ్చుతున్నదీ అదే. ఆ మాట మార్చాను. మార్చగానే ‘ఛందం’ యతి తప్పిందని చూపింది. మాస్టారికీ దానికీ ఇద్దరికీ నచ్చే మాట కోసం ఇంకా వెతుకుతున్నాను.