డైటీషియన్‌కి నాలుగు స్టార్లు, సెంటర్‌కి ఒకటిన్నర

విజయవాడ బందరు రోడ్డులో 'బాలింతల ప్రత్యేక ప్యాకేజీ' అని బోర్డు పెట్టిన ఒక బరువు తగ్గించే సెంటర్‌లో మూడు నెలలు ఉన్నాను. పేరు రాయడం లేదు. ఇద్దరు పిల్లల తల్లిని, పటమటలో ఉంటాం. పెళ్ళినాటి బరువు సంగతి వదిలేయండి, రెండో కడుపుకి ముందు 61 కిలోలు, సెంటర్‌లో చేరిన రోజు 74. అప్పటికి చిన్నవాడికి మూడు నెలలు నిండాయి, పూర్తిగా నా పాల మీదే ఉన్నాడు. నేను తగ్గాలి, వాడు పెరగాలి. ఈ రెండూ కలిసి జరిగితేనే డబ్బులు దండగ కానట్టు.

ముందు డైటీషియన్ గురించి చెప్తాను, ఎందుకంటే అక్కడ పనికొచ్చింది ఆవిడ ఒక్కరే. కౌన్సెలర్ అమ్మాయి కంప్యూటర్‌లోంచి తీసి నా చేతికిచ్చిన చార్టు మీద 1200 క్యాలరీలు అని ఉంది. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కీరా ముక్కలు, రాత్రికి సూప్. లోపల గదిలో డైటీషియన్ ఆ కాగితం చూసి, పెన్ను తీసి 1200 మీద అడ్డంగా గీత కొట్టి పక్కన 1900 అని రాశారు. "ఇది పాలిచ్చేవాళ్ళు తినే తిండి కాదమ్మా" అని, అప్పుడు లెక్క చెప్పారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకు 600 క్యాలరీలు ఎక్కువ కావాలి, తర్వాతి ఆరు నెలలు 520. ఆ ఎక్కువలో కొంత ఒంట్లో పేరుకున్న కొవ్వులోంచి పోనిస్తే చాలు, మెల్లగా దిగుతుందన్నారు. వారానికి అరకిలో కంటే ఎక్కువ దిగితే మాత్రం తిండి పెంచుతానని ముందే హెచ్చరించారు. బరువు తగ్గించే చోట 'పెంచుతాను' అనే మాట వింటానని నేననుకోలేదు.

ఆవిడ రాసిన చార్టు మన వంటింట్లోదే. పొద్దున పెసరట్టు, అల్లప్పచ్చడి, ఒక గుడ్డు. మధ్యాహ్నం కొలిచిన గిన్నెతో అన్నం, గట్టి పప్పు, ఆకుకూర, పెరుగు. సాయంత్రం జామకాయ. రాత్రి జొన్నరొట్టె, బీరకాయో సొరకాయో. అమ్మ తెనాలి నుంచి పంపిన కాయం (బాలింతలకి పెట్టే లేహ్యం) సీసా చూపిస్తే మానేయమంటారనుకున్నా. మానమనలేదు. బెల్లం, నెయ్యి ఎంతెంత పడ్డాయో అడిగి, నిమ్మకాయంత ముద్దని ఉసిరికాయంతకి దించారు. మునగాకు తెలగపిండి కూర ఉంచారు. సొరపిట్టు కూడా సరేనన్నారు, నూనె మాత్రం చెంచాతో కొలవమన్నారు. వీటితో పాలు పడతాయని మా అత్తయ్య నమ్మకం. డైటీషియన్ ఆ వాదనలోకే పోలేదు. "ప్రొటీన్ ఉంది, కాల్షియం ఉంది, హాయిగా తినండి. పాలంటారా, బాబు ఎంత లాగితే అంత వస్తాయి" అన్నారు.

నా అసలు జబ్బు రాత్రి ఆకలి. పాలిచ్చేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు గంటలకి వాడు తాగి పడుకుంటాడు, నాకేమో కడుపులో మంట. చీకట్లో చేతికి తగిలేది బందరు లడ్డు డబ్బా. ఒకటితో ఆగదు కదా. డైటీషియన్ ఆకలి ఆపుకోమని చెప్పలేదు. పడుకునే ముందే మంచం పక్కన వేయించిన శనగలు, ఒక నువ్వుండ, ఫ్లాస్కులో పాలు పెట్టుకోమన్నారు. లడ్డు డబ్బా అటక ఎక్కించమన్నారు. ఈ ఒక్క మార్పుతోనే సగం పని అయిందని నా లెక్క. వాకింగ్ కూడా ఉంది, ఎండ ఎక్కక ముందే, అదీ బాబుకి పాలిచ్చాకే. లేకపోతే రొమ్ములు బరువెక్కి నాలుగడుగులు వేయలేం.

"బిడ్డతల్లివి, నీకు డైటింగేంటమ్మా, పాలు ఎండిపోతే?" అని అత్తయ్య మొదట్లో రోజూ సణిగేవారు. ఆవిణ్ని ఒకసారి వెంట తీసుకెళ్ళా. డైటీషియన్ నాకంటే ముందు బాబుని తూచారు. టీకాల కార్డులోని గ్రాఫు మీద చుక్క పెట్టి, గీత పైకే పోతోంది చూడండి అత్తయ్యగారూ అన్నారు. రోజుకు ఆరు డైపర్లయినా తడుస్తున్నాయా అని అడిగారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా చార్టుకి కాపలా అత్తయ్యే. ఫ్రిజ్‌కి అంటించింది కూడా ఆవిడే.

ఇక సెంటర్. వాళ్ళకి డైటీషియన్ ముఖ్యం కాదు, ముందు గదిలో అద్దాల బీరువాలో పెట్టిన పౌడర్ డబ్బాలు ముఖ్యం. ప్యాకేజీ 12,000. అందులో నెలకో డబ్బా. డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు సలహా లేకుండా వాడరాదని ఉంది. బాలింతల ప్యాకేజీలో బాలింతలు వాడకూడని డబ్బా! కౌన్సెలర్‌ని అడిగితే "అది ఊరికే రాస్తారు మేడమ్" అంది. డైటీషియన్‌ని అడిగితే తల దించుకుని, "మీరు సీలు తీయకండి" అన్నారు. తీయలేదు. తిరిగి తీసుకోండంటే ప్యాకేజీలో భాగం, డబ్బు వెనక్కి రాదన్నారు. ఇంకో 2,400 పెడితే పొట్ట కరిగించే బెల్టట. నడికట్టు మా అమ్మ పాత చీరతో కట్టింది, నడుముకి ఆసరాగా బాగుంది. కొవ్వు కరుగుతుందని మాత్రం అమ్మ చెప్పలేదు.

పొద్దున్నే వాట్సాప్‌లో 'గుడ్ మార్నింగ్ మేడమ్, ఈ రోజు వెయిట్ ఎంత' అని మెసేజ్. రాత్రంతా నిద్ర లేనిదాన్ని రోజూ మిషనెక్కమంటే టెన్షన్ తప్ప ఏముంటుంది? మ్యూట్ చేశా. పాలివ్వడానికి చోటు అడిగితే స్టోర్ రూమ్ చూపించారు. ప్లాస్టిక్ స్టూలు, చుట్టూ అట్టపెట్టెలు, ఫ్యాన్ లేదు. మన ఊళ్ళో మే నెలలో ఫ్యాను లేని గది! వాడు తాగుతూ తాగుతూ చెమటకి చిరాకుపడి వదిలేశాడు.

ఫలితం అడుగుతారు కాబట్టి చెప్తున్నా, 74 నుంచి 69కి వచ్చాను. బాబు బొద్దుగా ఉన్నాడు. ఇంకా తగ్గాలి, కానీ ఆరో నెల దాటి ఉగ్గు మొదలయ్యాక చార్టు మళ్ళీ మార్చాలట, పాలు తగ్గేకొద్దీ తిండీ తగ్గాలి కదా.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. 'డైటీషియన్ కన్సల్టేషన్ మాత్రమే' అని అడగండి. రిసెప్షన్‌లో అలాంటిది లేదంటారు. కదలకుండా నిలబడి రెండోసారి అడిగితే 600కి రసీదు రాస్తారు, మా ఆడపడుచుకి అలాగే రాశారు. పదకొండు లోపు వెళ్తే రద్దీ ఉండదు, డైటీషియన్ అరగంట మాట్లాడతారు. టీకాల కార్డు మర్చిపోకండి, చేతి విసనకర్ర కూడా.