చిప్‌ల కరువులో ఏది మేలు: ఫ్యాబ్ (చిప్‌ల ఫ్యాక్టరీ) కట్టడమా, ఉన్నవి పంచుకోవడమా?

మొన్న పాత కంప్యూటర్‌కి ర్యామ్ వేయిద్దామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లాను. కొట్టతను చీటీ మీద రేటు రాసిచ్చి, "ఇది సాయంత్రం వరకేనండీ, రేపొస్తే రేపటి రేటే" అన్నాడు. బంగారం కొట్లో వినాల్సిన మాట!

ఈ ర్యామ్‌లో ఉండే డీర్యామ్ అనే మెమరీ చిప్‌లలో అధిక భాగం చేసేది మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లు అడిగే హెచ్‌బీఎం అనే అతి వేగమైన మెమరీలో వాళ్లకి లాభం ఎక్కువ. కానీ ఒక జీబీ హెచ్‌బీఎంకి, కంప్యూటర్లలో వేసే మామూలు డీడీఆర్5 సుమారు మూడు జీబీలకి సరిపడే వేఫర్ (చిప్‌లు చేసే సిలికాన్ పలక) పడుతుంది. అటు ఒకటి పెరిగితే ఇటు మూడు తగ్గుతాయన్నమాట.

ప్రభుత్వం ఏం చేయాలంటే అందరి నోటా వచ్చే మాట సొంత ఫ్యాబ్. 2021 డిసెంబర్‌లో కేంద్రం 76,000 కోట్లు ప్రకటించింది. గుజరాత్‌లోని ధొలేరాలో టాటా ఫ్యాబ్ విలువ 91,000 కోట్లు. సగం ఖర్చు కేంద్రానిదే. అయితే అక్కడ చేయబోయేవి 28 నానోమీటర్లు, అంతకన్నా పాత రకాల చిప్‌లు (ఈ అంకె ఎంత చిన్నదైతే చిప్ అంత కొత్త రకం). కార్లకి, డిస్‌ప్లేలకి బాగా పనికొస్తాయి, హెచ్‌బీఎం కొరత మాత్రం తీరదు. పైగా టైమ్. జపాన్ కుమమోటోలో రాత్రింబవళ్లు పని చేసి కట్టినా, 2022 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యాబ్‌లో ఉత్పత్తికి 2024 డిసెంబర్ వచ్చింది. అదే చాలా వేగం అన్నారు. ధొలేరా వద్దనను, కానీ దాన్ని ఈ కరువు లెక్కలో వేయకూడదు.

తయారైన చిప్‌లకి తొడుగు వేసి పరీక్షించే ప్యాకేజింగ్ యూనిట్లు చవక. 2025 ఆగస్టులో మన ఆంధ్రప్రదేశ్‌కి మంజూరైన యూనిట్ 468 కోట్లది, ఏడాదికి 9.6 కోట్ల చిప్‌ల సామర్థ్యం. ధొలేరా ఖర్చులో ఇది అర శాతం! ఉద్యోగాలొస్తాయి, పని నేర్చుకుంటారు. కాకపోతే రైస్ మిల్లు పెట్టినంత మాత్రాన వడ్లు పండవు కదా, వేఫర్లు ఎక్కడో తయారై రావాల్సిందే.

ఎగుమతులు ఆపి సొంతవాళ్లకే ముందు ఇవ్వడం అమెరికా లాంటి దేశాలకి కుదిరే ఆట. మనం కొనేవాళ్లం. 18 శాతం జీఎస్టీ తగ్గిస్తే నా బిల్లు తగ్గొచ్చు, చిప్‌లు పెరగవు.

ఇక పంచుకోవడం. వరికోత మిషన్‌ని ఊళ్లో ప్రతి రైతూ కొనడు, గంట లెక్కన అద్దెకి తెచ్చుకుంటాడు. కేంద్రం పెట్టిన 10,372 కోట్ల ఇండియా ఏఐ మిషన్ చేస్తున్నది ఇదే: 38 వేలకు పైగా జీపీయూలు (ఏఐ లెక్కలు చేసే చిప్‌లు, హెచ్‌బీఎం ఎక్కువగా పడేది వీటికే), అద్దె సగటున గంటకి 65 రూపాయలు. రెండు సమోసాలు, టీ ఖర్చు. స్టార్టప్‌లు తలా నాలుగు జీపీయూ కార్డులు కొని మూల పడేసే బాధ తప్పుతుంది. నా ఓటు దీనికే. అయితే ఒక్క షరతు: గంటలు తీసుకుని వాడనివాళ్ల దగ్గర వెంటనే వెనక్కి లాక్కోవాలి. కోతల సీజన్‌లో మిషన్ ఒకడి చేను గట్టున ఖాళీగా నిలబడితే పక్కవాడు ఊరుకుంటాడా?

విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతానని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అలాంటివాటికి భూమి, కరెంటు రాయితీలు రాసిచ్చేటప్పుడే, ఏటా ఇన్ని జీపీయూ గంటలు ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట్లకి ఇవ్వాలని అదే ఒప్పందంలో రాయించుకోవాలి. కట్టడం పూర్తయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.