సొంతంగా మెలేసుకున్న వైరు ట్రేసులు: కొన్ని చలికాలాల వాడకం తర్వాత

ముందే చెబుతున్నా, ఇందులో రాడ్ గురించీ రీలు గురించీ ఏమీ ఉండదు. 12 అడుగుల రాడ్, 3 పౌండ్ల టెస్ట్ కర్వ్ (రాడ్ వంగడానికి కావలసిన బరువు), 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). ఇంగ్లండులో, ఈ కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఫెన్స్ అనే చిత్తడి నేలల కాలువల మీద పైక్ చేపకి గాలం వేసే ఎవరి దగ్గరైనా ఉండేవే నా దగ్గరా ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. నా గొడవంతా దారం చివర, కొక్కేలకి ముందు ఉండే అరగజం వైరు ముక్క గురించే. దాన్నే ట్రేసు అంటారు. కొన్ని చలికాలాలుగా వాటిని ఇంట్లో నేనే మెలేసుకుంటున్నాను. రెడీమేడ్ వాటి మీద నాకున్న కసి ఇంకా చల్లారలేదు.

పైక్ నోరు తెరిచి చూసినవాళ్లకి వైరు ఎందుకో చెప్పక్కర్లేదు. కింది దవడ కోరల సంగతి అలా ఉంచండి, అంగిలి నిండా వెనక్కి వాలిన సన్నపళ్లు వందల్లో ఉంటాయి. నైలాన్ అయినా బ్రెయిడ్ అయినా వాటికి ఒరుసుకుంటే తెగిపోతుంది. అలా తెగితే మనకి పోయేది రెండు కొక్కేలు. చేపకి మాత్రం ఆ రెండూ నోట్లోనో గొంతులోనో మిగిలిపోతాయి. ఇక్కడ పట్టిన పైక్‌ని దాదాపు అందరూ తిరిగి నీళ్లలో వదిలేస్తారు కాబట్టి, ఈ అరగజం వైరు మనకంటే చేపకే ఎక్కువ అవసరం. 1977లో మొదలైన పైక్ యాంగ్లర్స్ క్లబ్ వాళ్లు చేపని జాగ్రత్తగా చూడమని అన్నేళ్లుగా మొత్తుకుంటున్నది ఊరికే కాదు. (మా అమ్మ మాత్రం ఫోన్‌లో ఇప్పటికీ అదే మాట: "వదిలేసేదానికి అంత చలిలో కూర్చోవడం దేనికిరా?")

మొదట్లో నేనూ షాపులో రెడీమేడ్ ట్రేసులే కొనేవాణ్ని. ప్యాకెట్‌కి రెండు. వాటిలో వైరుని స్వివెల్ (దారానికీ వైరుకీ మధ్య గిర్రున తిరిగే లంకె) కన్నంలోంచి తీసి వెనక్కి మడిచి, ఆ మడత మీద క్రింప్ అనే బుల్లి లోహపు గొట్టాన్ని నొక్కేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చిన్నాచితకా చేపలతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఒక ఫిబ్రవరి చివర్లో ఫార్టీ ఫుట్ డ్రెయిన్ మీద ఉన్నాను. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీరు వెర్ముయిడెన్ ఈ చిత్తడి నేలల్ని ఎండగట్టడానికి తవ్వించిన కాలువల్లో అదొకటి. గీత గీసినట్టు తిన్నగా పోతుంది, గాలికి అడ్డంటూ ఏదీ ఉండదు. మార్చి 14 దాటితే జూన్ 16 దాకా ఈ కాలువల్లో గాలం వేయకూడదు కాబట్టి మిగిలినవి ఆఖరి రోజులు. ప్యాకెట్‌లోంచి అప్పుడే తీసిన కొత్త ట్రేసుకి ఒక స్మెల్ట్ చేప గుచ్చి అవతలి గట్టు రెల్లు దాపుల్లో వేశాను. పొద్దున్నంతా ఉలుకూ పలుకూ లేదు. తొమ్మిది దాటాక డ్రాప్ ఆఫ్ (చేప ఎర పట్టిందని చూపే గుర్తు) చెయ్యి టపీమని కిందపడింది, రీల్లోంచి దారం నింపాదిగా వెళ్లడం మొదలైంది. చచ్చిన ఎరతో ఆడేటప్పుడు చూద్దాంలే అని కూర్చోకూడదు, కొక్కేలు గొంతులోకి దిగిపోతాయి. వెంటనే లాగాను. బరువుగా తగిలింది. పైక్ చాలావరకు ఒకటి రెండు విసురులతో అలిసిపోతుంది, ఇది అలిసిపోలేదు. గట్టు వెంబడి ఎడమకి పోయింది, తిరిగొచ్చింది, నా కాళ్ల కిందే లోతుకి దిగి కూర్చుంది. చివరికి పైకి లేచినప్పుడు ఆకుపచ్చటి ఒంటి మీద పసుపు మచ్చలు, ఇంత వెడల్పు వీపు కనిపించాయి. ఇరవై పౌండ్లు దాటి ఉంటుందని నా లెక్క. తప్పించుకున్న చేపలన్నీ ఇరవై దాటినవే అని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. వల నీళ్లలో పెట్టాను. అది తల పైకెత్తి ఒక్కసారి విదిలించింది. దారం వదులైపోయింది.

కొక్కెం ఊడిందనుకున్నాను. అది మామూలే, దానికి బాధ లేదు. దారం చుట్టి చూస్తే స్వివెల్ ఒక్కటే వచ్చింది. దానికి వైరు ఉంగరం లేదు, క్రింప్ కూడా లేదు. ఇంటికొచ్చి భూతద్దం కింద పెట్టి చూశాను. స్వివెల్ కన్నం నున్నగా, ఖాళీగా ఉంది. వైరు మధ్యలో ఎక్కడో తెగి ఉంటే ఆ ఉంగరమూ క్రింపూ స్వివెల్‌కే మిగలాలి. ఒక్క పోగు కూడా లేదు. అంటే వైరు తెగలేదు, దాని కొస క్రింప్‌లోంచి జారిపోయింది. అదే ప్యాకెట్లోని రెండో ట్రేసుని, ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచుకునే కొక్కెం తక్కెడకి తగిలించి లాగాను. 28 పౌండ్ల వైరు అని రాసి ఉంది, అంటే పన్నెండున్నర కిలోల పైమాటే. ఆరు కిలోల దగ్గర క్రింప్‌లోంచి మెత్తగా జారి చేతికొచ్చింది.

షాపువాళ్లు మర్యాదగానే మాట్లాడారు, వేరే ప్యాకెట్ చేతిలో పెట్టారు. దాన్ని ఏం చేసుకోను? ఎక్కడో రెల్లు కింద ఒక చేప నోట్లో రెండు ట్రెబుల్స్ (మూడేసి కొనల కొక్కేలు), వాటికి వేలాడుతూ అరగజం వైరు. కొన్నాళ్లు నాకు అదే ఆలోచన.

ఇక సొంత ట్రేసు. ఇందులో క్రింప్ ఉండదు. వైరుని స్వివెల్ కన్నంలోంచి రెండుసార్లు తిప్పి, మిగిలిన కొసని ఫోర్సెప్స్‌తో పట్టుకుని, అసలు వైరు చుట్టూ బిగువుగా మెలేస్తూ పోవాలి. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని వరసగా పడతాయి. ఏడెనిమిది చుట్లు చాలు. కొసని కట్ చేసి పైన రబ్బరు గొట్టం ముక్క తొడిగితే చేతికి గుచ్చుకోదు, గడ్డీ నాచూ పట్టదు. రెండో చివర కింది ట్రెబుల్ కూడా ఇలాగే. పై ట్రెబుల్‌ని మాత్రం ముడి వేయను. వైరుని దాని కన్నంలోంచి తీసి కాడ చుట్టూ నాలుగు చుట్లు తిప్పితే, ఎర పొడుగుని బట్టి పైకీ కిందికీ జరుపుకోవచ్చు. పై ట్రెబుల్ ఎర తోక మొదట్లో, కిందిది పక్కటెముకల మీద. విక్టోరియా రాణి కాలపు వేటగాడు ఆల్ఫ్రెడ్ జార్డిన్ పేరుతో ఉన్న స్నాప్ టాకిల్ అనే కొక్కేల అమరికే ఇది, నేను కనిపెట్టిందేమీ లేదు. కట్టిన ప్రతి ట్రేసునీ అదే సూట్‌కేసు తక్కెడ మీద పది కిలోల దాకా లాగుతాను. ఇంతవరకు ఒక్క మెలిక కూడా జారలేదు.

నేను అనుకోని లాభం ఒకటి కొక్కేలు ఊడదీసేటప్పుడు తెలిసింది. ట్రెబుల్ మూడు కొనల్లో ఎరకి గుచ్చేదానికే ముల్లు (ఊడకుండా పట్టే, వెనక్కి తిరిగిన చిన్న మొన) ఉంచి, చేపకి దిగే రెండు కొనల ముళ్లనీ ప్లయర్స్‌తో నొక్కేస్తాను. చేపని చాప మీద పడుకోబెట్టి, ఎర్రటి మొప్పలకి తగలకుండా మొప్ప కప్పు కింద వేళ్లు పెట్టి నోరు తెరిస్తే, పొడుగు ఫోర్సెప్స్‌కి కొక్కేలు ఇట్టే వచ్చేస్తాయి. పైక్ చూడ్డానికి రౌడీలా ఉంటుంది కానీ బయట పెడితే చాలా సుకుమారం.

ఎర విషయం రెండు ముక్కల్లో ముగిస్తాను. సూపర్ మార్కెట్లో మాకరెల్ కొంటాను. అది మన కనగర్తలకి చుట్టమే. తల వైపు పులుసుకి, తోక వైపు పైక్‌కి. చర్మం గట్టిది కాబట్టి ఎంత దూరం విసిరినా ఊడదు. సార్డిన్ నూనె బాగా వదులుతుంది కానీ పూర్తిగా కరిగిందంటే విసురుకే ముక్కలవుతుంది. సగం గడ్డగా ఉన్నప్పుడే ఎలాస్టిక్ దారంతో కట్టి వేయాలి. కీరదోసకాయ వాసన వచ్చే స్మెల్ట్ నాకు అన్నిటికన్నా ఇష్టం, ఆ ఫిబ్రవరి జరిగింది దాని తప్పు కాదు. 1963లో గ్రేట్ ఔజ్ రిలీఫ్ ఛానెల్‌లో వదిలిన జాండర్ చేపలు ఇప్పుడు ఈ కాలువలన్నిటా ఉన్నాయి. వాటికి వైరు అక్కర్లేదని కొందరంటారు. నిజమే కావచ్చు గానీ, కింద ఎరని ముట్టుకునేది జాండరో పైక్కో ముందుగా ఎవరికి తెలుస్తుంది?

ఇంత పొగిడాక కొన్ని సంగతులు దాచడం బాగోదు. నేను వాడే 7 పోగుల వైరు ఒక మంచి చేపతో పెనుగులాడితే చాలు, మెలికలు తిరిగి పాడవుతుంది. పైక్ ఒళ్లు తిప్పి ట్రేసుని చుట్టుకుందంటే అది పంది తోకలా అయిపోతుంది. దాన్ని చేత్తో తిన్నగా లాగి మళ్లీ వాడితే మడత పడిన చోటే తెగుతుంది, కాబట్టి పారేయాల్సిందే. చవక అని మొదట్లో చాలామందికి చెప్పాను. వైరు చవకే, కానీ ట్రేసు ఖరీదులో అది కొంత భాగమే. పదునైన ట్రెబుల్స్ ధర ఎక్కువ, చెడిన ట్రేసుల నుంచి వాటిని కోసి దాచుకుంటేనే గిట్టుబాటు. మెలికలు పడదని ఆమధ్య 49 పోగుల వైరు తెచ్చాను. పట్టుదారంలా మెత్తగా ఉంటుంది, ఎన్ని చేపలకైనా తిన్నగా నిలుస్తుంది. కానీ నా చేతికి అందులో మెలేసిన చుట్టు బిగియదు, వదిలితే విచ్చుకుంటుంది. పైగా ఒక్క పోగు తెగినా అది ముల్లులా వేలిలో దిగుతుంది. దానికి చివరికి క్రింపే వేస్తున్నాను. అవును, ఏ క్రింప్‌ని తిట్టానో అదే. కాకపోతే నేను నొక్కి, నేను తూచినది.

గత డిసెంబరులో ఇంట్లో చుట్టాలుండి కట్టుకునే తీరిక లేక, రెడీమేడ్ ప్యాకెట్ కూడా ఒకటి కొన్నాను. తక్కెడ మీద తొమ్మిది కిలోలకి నిలబడింది. చేప కూడా పడింది. అన్నీ చెత్తవే అని ఇప్పుడు అనలేను.

నాకు కాలువ ఇంటికి దగ్గర. వేట అక్టోబరు నుంచి మార్చి మధ్య దాకానే, వేసవి వేడి నీళ్లలో పైక్ తట్టుకోదని ఆ కాలంలో దాని జోలికి పోను. రాత్రిళ్లు గరాజ్‌లో రేడియో పెట్టుకుని వైరు మెలేసుకునేంత తీరిక, ఇప్పటికింకా ఆ సన్నటి కన్నం కనిపించే కళ్లు ఉన్నాయి. ఇవి ఉన్నవాళ్లు 28 పౌండ్ల 7 పోగుల చుట్ట ఒకటి, ఫోర్సెప్స్ ఒకటి కొనుక్కోండి. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లకి ఈ శ్రమ దండగే, షాపు ట్రేసులు చాలు. నీళ్లలో వేసే ముందు మాత్రం సూట్‌కేసు తక్కెడకి తగిలించి ఒకసారి గట్టిగా లాగి చూడండి. జారితే ప్యాకెట్ తిరిగిచ్చేయండి.