ఏడాదంతా ఒకే లెన్స్: జూమ్ లేని సుఖం, ఉప్పుగాలి కష్టం

పోయిన డిసెంబరులో ఒక రాత్రి కూర్చుని, నా సొంత ఫోటోలు ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశానో లెక్క చూసుకున్నాను. (ఈ అంకె తక్కువైతే ఎక్కువ చోటు ఫ్రేములో పడుతుంది, ఎక్కువైతే దూరంగా ఉన్నది దగ్గరగా వస్తుంది.) 18-55 జూమ్‌తో తీసినవాటిలో చాలా భాగం అయితే 18 దగ్గర, లేదంటే 55 దగ్గర. మధ్యలో ఉన్న అంకెల ముఖమే చూడలేదు. దూరంగా ఉంటే ఈ చివరికి, ఇరుగ్గా ఉంటే ఆ చివరికి తిప్పడం, ఇంతే నేను చేసిన పని. సిగ్గేసింది. పెళ్లి ఆర్డర్లు పక్కన పెడితే, జనవరి ఒకటి నుంచి 35 ఎంఎం ఎఫ్1.8 అనే జూమ్ లేని లెన్స్ తప్ప ఇంకోటి తగిలించకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నాది చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) బాడీ కాబట్టి పెద్ద సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్) లెక్కలో అది దాదాపు 52. షార్ప్‌నెస్, బొకే (వెనకంతా మసకబారడం) గురించి యూట్యూబ్ నిండా ఉంది, నేను చెప్పను.

నాకు నచ్చింది ఒక్కటే. దీనికి జూమ్ రింగ్ లేదు. రింగ్ లేకపోతే చెయ్యి ఊరుకుంటుంది, కాళ్లు కదులుతాయి.

అది బాగా తెలిసొచ్చింది ఉప్పాడలో. మా కాకినాడ నుంచి గంటలోపే చేరొచ్చు, సముద్రం ఆ బీచ్ రోడ్డుని కోసెయ్యకుండా ఉంటే. జామ్‌దానీ చీరకి ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. 2009లోనే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన చీర, కెమెరాతో వచ్చేవాళ్లు వాళ్లకి కొత్తేం కాదు. నేను వెళ్లిన ఇంట్లో మగ్గం గదిని మగ్గమే నింపేసింది. ఇద్దరూ ఫ్రేములో పట్టాలని వెనక్కి జరిగాను, ఇంకా జరిగాను, వీపు గోడకి ఆనింది. అయినా ఒకరి భుజం తెగిపోతూనే ఉంది. 18 ఉంటే ఒక్క తిప్పుతో అయిపోయేది. నా తంటాలు చూసి పెద్దావిడ, "ఏం బాబూ, గోడలోకి దూరిపోతావా ఏంటి?" అని నవ్వింది.

ఇక పట్టదని తేలిపోయాక ముందుకే వెళ్లి మగ్గం పక్కన గొంతుక్కూర్చున్నాను. అప్పుడు కనబడింది. ఆవిడ కుడిచెయ్యి, పక్కనున్న కోడలి ఎడమచెయ్యి బట్ట మధ్యలో కలుస్తున్నాయి. చిన్న కండెలతో బుటా పోగులు దూరుస్తూ, ఒకరి వేళ్ల కిందనుంచి ఇంకొకరి వేళ్లు. మాటల్లేవు, చూసుకోవడం కూడా లేదు. ముఖాలు లేకుండా ఆ రెండు చేతులే తీశాను. ఈ ఏడాది ఆరువేల పైచిలుకు ఫ్రేముల్లో నలభై ఉంచుకున్నాను, వాటిలో మొదటిది ఇదే. అంతకుముందు ఉప్పాడలో జూమ్‌తో తీసినవి తీసి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇద్దరు మనుషులు, ఒక మగ్గం, రెండు నవ్వులు.

ఆ ఊపులోనే ఉగాదికి మా వాట్సాప్ గ్రూపులో "జూమ్‌లు అమ్మేయండి" అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక తమ్ముడు నిజంగానే అమ్మేసి, శ్రావణమాసం ముహూర్తాలకి అద్దెకి తెచ్చుకున్నాడు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణానికి వీడియో అతను కెమెరా ఊగకుండా పట్టే గింబల్‌తో ముందు నిలబడితే మన కాళ్లు ఎక్కడికి కదులుతాయి? నేను కూడా పెళ్లిళ్లకి జూమే వాడాను. ఆ సంగతి ఉపన్యాసంలో చెప్పలేదు.

రెండో సంగతి లెన్స్ లోపల పట్టిన ఫంగస్, అంటే బూజు. తప్పు సగం నాదే, మిగతా సగం మా సముద్రపు గాలిది. వానలో తడిసిన బ్యాగు జిప్పు వేసి మూడు వారాలు అలాగే వదిలేశాను. అక్టోబరులో ఫోన్ టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు దారాలు. హైదరాబాద్ కోఠీలో ఒక షాపుకి పంపితే శుభ్రంగానే తుడిచిచ్చారు గానీ, అప్పట్నుంచి ఎఫ్1.8లో, అంటే లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిస్తే, ఫోటో ఎడమ అంచు మసగ్గా వస్తోంది. ఫోన్ చేస్తే "ముందునుంచీ అంతేనండి" అన్నారు. ముందు తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి, కానీ గొడవ పడే ఓపిక లేదు. రంధ్రం చిన్నది చేసి ఎఫ్5.6కి వస్తే పెద్దగా తెలియదు. ఇప్పుడు లెన్స్ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో ఉంటోంది. తేమ పీల్చే సిలికా జెల్, చిన్న తేమ మీటరు కూడా పెట్టాను. నలభై-యాభై శాతం మధ్య ఉంటే టెన్షన్ లేదు. బియ్యం డబ్బాలో పెట్టమన్న సలహా మాత్రం వినకండి, ఆ పొడి ఇంకో తలనొప్పి.

కొనమంటారా అంటే, నాలాగా పొట్టకూటికి పెళ్లిళ్లు చేస్తూ ఆదివారాలు సొంతానికి తిరిగేవాళ్లకైతే, జూమ్ ఉంచుకుని ఇది రెండోదిగా కొనండి. ఇంట్లో చంటిపిల్లలు పరుగెడుతుంటే ఏమో, నాకు ఆ అనుభవం లేదు. సముద్రం దగ్గర ఉంటే ముందు డబ్బా కొనండి.

వచ్చే ఏడాదికీ ఇదే లెన్స్, ఎడమ అంచుతో సహా. కాకపోతే ఊళ్లు తగ్గించి ఒక్క ఉప్పాడకే నెలకోసారి వెళ్తాను, నెలకో ఫోటో ప్రింటు వేయిస్తాను. మొదటి ప్రింటు ఆ చేతులదే, 12x18 అంగుళాలు. ఫోటో ఇస్తానని ఆ పెద్దావిడకి మాటిచ్చి ఎనిమిది నెలలైంది. సంక్రాంతిలోపు పట్టుకెళ్లాలి. ముఖాలేవని అడిగితే ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.